పిడుగు పడ్డా లేవనివ్వని మందు

వెనకటికి కొలనుపురంలో భూషయ్య అనే వర్తకుడు ‘నిద్రామృతం’ అనే మందు అమ్మేవాడు. రాజుగారి దగ్గర చనువుంది కదా, రోజూ మధ్యాహ్నం వీధివీధినా దండోరా వేయించేవాడు. “ఒక్క చుక్క తాగండి, చెవి పక్కన పిడుగు పడ్డా మెలకువ రాదహో!” ఆ డప్పు మోతకి ఊళ్లో ఎవరికీ కునుకు పట్టేది కాదు. నిద్ర కరువైన జనం చచ్చినట్టు ఆ మందే కొనేవారు.

బుట్టలల్లే సూరాలు బిడ్డకి జ్వరం. డప్పు మోగినప్పుడల్లా పసివాడు ఉలిక్కిపడి ఏడుస్తుంటే, ఆమె ఓర్చుకోలేక డప్పుపుల్ల లాక్కుని విరిచేసింది. భటులు సభకి ఈడ్చుకెళ్లారు.

“దీన్ని ఊళ్లోంచి వెళ్లగొట్టాలి ప్రభూ,” అన్నాడు భూషయ్య.

“విరిచిన మాట నిజమే దొరా,” అంది సూరాలు. “కానీ దండోరా ఏ వీధినీ వదలకూడదని మన ఊరి కట్టుబాటు. మరి ఈయనగారి వీధిలో ఒక్కనాడూ మోగదేం?”

రాజు భటుల వైపు చూశాడు. వాళ్లు తలలు దించుకున్నారు.

“అయితే రేపు ఈయన వాకిట్లోనే మొదలుపెట్టండి,” అన్నాడు రాజు.

భూషయ్య కంగారుపడిపోయాడు. “వద్దు ప్రభూ, భోంచేశాక కాస్త నడుం వాలుస్తాను. ఆ మోతలో నిద్రెలా పడుతుంది?”

“అదేంటి అయ్యగారూ,” అంది సూరాలు, “ఒక్క చుక్క వేసుకోండి.”

సభంతా గొల్లుమంది. రాజు నవ్వాపుకుని సూరాలుని ఇంటికి పొమ్మన్నాడు. ఆ మందు తాగి భూషయ్య డప్పు మోతలో నిద్రపోయేదాకా దండోరా ఆయన వాకిలి దాటకూడదని తీర్పు చెప్పాడు.

ఆ దండోరా ఇప్పటికీ ఆ వాకిలి దాటలేదట.