బంగారు చేప నోరు తెరిచిన లెక్క

ఒకప్పుడు ఉప్పుమడుల పక్కన ఒక మంచినీటి మడుగులో నూట ఇరవై బంగారు చేపలు ఉండేవి. నూట ఇరవై నోళ్లూ మూసే ఉండేవి.

నోరు తెరిస్తే లోపలి బంగారం కారిపోయి ఒంటి మెరుపు తగ్గుతుందని వాటి నమ్మకం. అందుకే తిండి నాచు చాటున తినేవి. పెదవులు కదిలీ కదలకుండా మాట్లాడేవి. మొప్పల సందుల్లోంచి గుట్టుగా ఊపిరి పీల్చేవి. ఎవరైనా "ఎలా ఉన్నావు?" అంటే, ఒంట్లో ఎలా ఉన్నా "బాగున్నాను" అనడమే అక్కడి మర్యాద.

ఆ మడుగులో మేలిమి అనే ఆడచేప ఉండేది. దానికి లెక్కలంటే ఇష్టం. రాళ్లు, నాచు ఆకులు, తూములోంచి పడే నీటిబొట్లు, ఏది కనిపించినా లెక్కపెట్టేది. దానికి ఒక్కడే తమ్ముడు, రేకు. తల్లి లేని ఆ పిల్లచేపను మేలిమే పెంచింది.

ఒకరోజు పొద్దున రేకు తోక మీద తెల్లటి చుక్క ఒకటి కనిపించింది. సాయంత్రానికి మూడయ్యాయి. మర్నాటికి ఇరవై ఏడు.

మడుగుకు పెద్ద దిక్కు కుందనం పెద్దమ్మ. ఆమె వచ్చి రేకు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసింది.

"ముత్యాలే. మీవాడిది పెట్టి పుట్టిన ఒళ్లు మేలిమీ" అంది.

ఇక చూడాలి. ఆ ముత్యాలు తమకూ అంటుకోవాలని చేపలన్నీ వరసకట్టి రేకు ఒంటికి ఒళ్లు రాసుకుని వెళ్లాయి. మూడోరోజుకు అరవై చేపలకు ముత్యాలొచ్చాయి. రానివి మొహం ముడుచుకుని నాచులో కూర్చున్నాయి.

మేలిమికి మాత్రం మనసు కుదురుగా లేదు. రేకు రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. వాడు రాయి కనిపిస్తే చాలు, వెళ్లి ఒళ్లు గోక్కుంటున్నాడు. తిండి ముట్టడం లేదు. అడిగితే బాగున్నాను అంటున్నాడు.

"నోరు తెరువు. నీ ఊపిరి లెక్కపెట్టాలి" అంది మేలిమి.

"పెద్దమ్మ చూస్తుందక్కా."

"చూడనీ. ముందు నేను తెరుస్తాను."

తూములోంచి నూరు బొట్లు పడేలోగా మేలిమి నోరు నలభైసార్లు తెరుచుకుంది. రేకు నోరు తొంభై మూడుసార్లు. అవి ముత్యాలు కావని, తమ్ముడికి జబ్బు చేసిందని మేలిమికి తెలిసిపోయింది.

వెళ్లి కుందనానికి లెక్క చెప్పింది. పెద్దమ్మ లెక్క వినలేదు. నలుగురిలో నోరు తెరిచిన సంగతి ఒక్కటే విని, సిగ్గులేని పిల్ల అని తోక తిప్పుకుని పోయింది.

మేలిమి అక్కడ ఆగలేదు. మంచినీళ్లకూ ఉప్పునీళ్లకూ మధ్య గట్టులో ఎండ్రకాయ తాత కాపురం. రెండు నీళ్లూ ఎరిగినవాడు. మేలిమి గట్టువారకు ఈదివెళ్లి అంతా చెప్పింది.

తాత తాపీగా విన్నాడు. "ఒంటికి పట్టిన పురుగు ఉప్పుకు రాలుతుంది. ఉప్పు ఎక్కువైతే మీరూ రాలతారు. ఎంత వేయాలో మాత్రం నన్నడక్కు. నాకున్న కాళ్లు పది, అంతకుమించి లెక్క రాదు" అన్నాడు.

"లెక్క నేను చూస్తాను తాతా. మోయడం నువ్వు చూడు."

గట్టు పక్కన మడుగు నీళ్లే చేరిన చిన్న గుంట ఉంది. ఎండకు వెచ్చగా ఉంటుంది. తాత కొండితో ఒక చిటికెడు ఉప్పు తెచ్చి అందులో వేశాడు. మొదట మేలిమే దిగి తన ఊపిరి లెక్కపెట్టుకుంది. నలభై దాటలేదు. అప్పుడు రేకును దింపింది. పూటకో చిటికెడు, ప్రతి చిటికెడుకూ ఒక లెక్క. తాత రోజూ అడుగున పేరుకున్న మురికిని గట్టు మీదకు ఎత్తిపోసేవాడు.

నాలుగోరోజుకు రేకు ఒంటిమీద ఒక్క చుక్క లేదు. మడుగులో మిగతా చేపల చుక్కలు కూడా వాటంతటవే రాలిపోయాయి. కుందనం నవ్వింది. ఉప్పు లేకుండా మావీ పోయాయిగా, ఇక పిల్లాణ్ణి బయటికి పంపమని కబురు పెట్టింది. రేకు కూడా పోతానని గునిశాడు.

మేలిమి మళ్లీ లెక్కపెట్టింది. చుక్కలు సున్నా. ఊపిరి డెబ్బై ఒకటి.

రెండూ ఒకే మాట చెప్పడం లేదే అని గుంట అడుగుకు వెళ్లి చూసింది. రాలిన చుక్కలు చావలేదు. బురదలో పడి ఒక్కొక్కటే పగులుతున్నాయి. ఒకదాంట్లోంచి వందలకొద్దీ నలుసులు లేచి ఈదుతున్నాయి.

"పోలేదు, దిగాయంతే. మళ్లీ ఎక్కుతాయి" అంది మేలిమి. రేకు ఎంత ఏడ్చినా గుంట దాటనివ్వలేదు. ఉప్పునీళ్లకు నలుసులు వాడి దాకా రాకుండానే చచ్చాయి.

మడుగులో మాత్రం ఆరోరోజుకు చుక్కలు తిరిగొచ్చాయి. ఒంటినిండా, కళ్ల మీద, మొప్పల లోపల. తొమ్మిది చేపలు చచ్చిపోయి పైకి తేలాయి.

ఆ మధ్యాహ్నం కుందనం పెద్దమ్మ ఒక పక్కకు ఒరిగి ఈదుతూ గుంట దగ్గరికి వచ్చింది. వెనకాల మడుగంతా వచ్చింది.

"ఎలా ఉన్నావు పెద్దమ్మా?" అంది మేలిమి.

"బాగున్నాను" అంది కుందనం, అలవాటుకొద్దీ.

మేలిమి ఆమె నోటివైపే చూసింది. ఎదురుగా కదలకుండా నిలబడింది. తూములోంచి బొట్లు పడుతున్నాయి.

కుందనం అందరి ముందూ నోరు తెరిచింది. "లెక్కపెట్టు తల్లీ" అంది.

నూట పద్దెనిమిది.

తాతకు లెక్క తప్పకుండా పదేసి చేపలను గుంటలోకి పంపారు. జబ్బు ముదిరినవి ముందు, కుందనంతో మొదలు. ఊపిరి నలభైకి దిగాక కూడా మరో ఏడు రోజులు ఉప్పు ఆపకూడదని మేలిమి నియమం పెట్టింది. ఈసారి ఆ మాటకు ఎదురాడే ధైర్యం ఎవరూ చేయలేదు. చివరిరోజున రేకు లెక్క సరిగ్గా నలభై. బతికిన నూట పదకొండు చేపల్లో ఒక్కదాని మెరుపూ తగ్గలేదు.

అప్పటినుంచే బంగారు చేపలు నోరు మూసుకుని ఉండవు. తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ ఉంటాయి. మీ ఇంటి గాజుతొట్టిలో చేప మీవైపు తిరిగి అలా చేస్తుంటే, అది ఒంట్లో ఎలా ఉందో దాచకుండా చెబుతోందన్నమాట. రోజూ చూసే చేపే కదా అని వెళ్లిపోకండి. దగ్గరగా కూర్చుని, ఒకటి నుంచి మొదలుపెట్టండి.