ఉయ్యాల్లో గుమ్మడికాయ

అనగనగా ఒక ఊరు. మనందరికీ దేవుడు రెండు చెవులూ ఒక నోరూ ఇచ్చాడు కదా, ఆ ఊరివాళ్ళకి మాత్రం రెండు నోళ్ళూ ఒక చెవీ ఇచ్చాడా అన్నట్టుండేదిట. అక్కడ ఎవడైనా తుమ్మితే, వాడు ముక్కు తుడుచుకునేలోపల పదిమంది పది మందులు చెప్పేసేవారు. తుమ్మింది వాడా, వాడి పక్కవాడా అని కూడా చూసేవారు కాదు. ఊ కొడుతున్నారా? పండూ, కాళ్ళు దుప్పట్లో పెట్టుకో ముందు. ఆఁ, అదీ.

ఆ ఊళ్ళో అచ్చియమ్మ అని ఒకావిడ, ఆవిడకో కోడలు, పేరు పేరిందేవి. తొలి కానుపు పుట్టింట్లో కదా చెయ్యాలి. ఆ పిల్ల తల్లి కూడా తీసుకెళ్దామని అన్నీ సర్దుకునే కూచుంది. ఇంతలో ఏరు పొంగింది, పడవలు ఆగిపోయాయి. తల్లి ఆ గట్టున, పిల్ల ఈ గట్టున. అత్తగారింట్లోనే నొప్పులొచ్చి, పండులాంటి ఆడపిల్ల పుట్టింది. మొగుడేమో ఒక్క పడవైనా కదులుతుందేమో, అత్తగారిని తీసుకొద్దామని ఏటిగట్టునే కాపలా కాస్తున్నాడు.

అంతా బాగానే ఉంది కానీ ఒక్కటే చిక్కు. పిల్ల పాలు తాగట్లేదు. రొమ్ము నోట్లో పెడితే రెండు చప్పరింతలు చప్పరించి, మొహం తిప్పేసుకుని కెవ్వుమని ఏడుపు. మళ్ళీ పెడితే మళ్ళీ అంతే.

అచ్చియమ్మ గయ్యాళి అత్త కాదర్రా, ఒట్టి భయస్తురాలు. ఎవరేం చెప్తే అది నమ్మెయ్యడమే ఆవిడకున్న జబ్బు. వీధిలోకెళ్ళి, మా పిల్ల పాలు తాగట్లేదమ్మా అందిట. ఇంకేముంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు కదా, ఊరికి ఊరే కదిలొచ్చింది.

మొదట పక్కింటి పుల్లమ్మ వచ్చింది. వచ్చిందంటే గోడ మీంచి తల పెట్టిందంతే. బాలింత నీళ్ళు తాగితే పాలు పలచన, పాలు పలచనైతే పిల్లకి చలవ, చలవైతే జలుబు, జలుబైతే దగ్గు, దగ్గైతే మీరంతా ఏడవాలి, అంచేత కోడలికి చుక్క నీళ్ళివ్వకండి అని చెప్పి తల తీసేసింది. 

తరవాత రాజవైద్యుడొచ్చాడు. ఆయన పల్లకీ దిగలేదు. పల్లకీలోంచే ఆకాశం కేసి చూసి, తొలిపాలు పచ్చగా ఉంటాయి, పచ్చనంటే పైత్యం, పైత్యమంటే విషం, పిండి పారబొయ్యండి అన్నాడు. పిల్లకి తేనె నాకించి, నేను పంపే పసరు పొయ్యండన్నాడు. గాలి తగలకూడదు, గుడ్డ కప్పేసి ఉంచండి, తియ్యకండి అని కూడా అన్నాడు. చూశారా, పసిపిల్లకి తేనెట! తేనె ఏడాది నిండేదాకా నాలిక్కి తగలకూడదని మీ పిన్నికి డాక్టరమ్మ ఎంత గట్టిగా చెప్పిందీ.

ఆయన వెనకాలే గాడిదపాల వాడు. పిల్లకి గాడిదపాలు పోస్తే గొంతు బాగుంటుందిట. మీరు గాడిద గొంతు విన్నారా ఎప్పుడైనా? నేను విన్నాను.

ఆఖర్న బుంగమీసాల భూతవైద్యుడు. వాడు గుమ్మంలోనే నిలబడి గాలి వాసన చూసి, ఇదంతా మీ అత్త గవరమ్మ పనే అని తేల్చేశాడు. అచ్చియమ్మ అత్తగారు గవరమ్మ పోయి ఎన్నేళ్ళో అయింది. ఆ ముసల్ది దయ్యమై మీ అటక మీద కూచుని పాలు కట్టేస్తోందిట. పిల్ల మెడలో తాయెత్తు కడితే సరి అని, తీసుకొస్తానని వెళ్ళాడు.

లోపల పేరిందేవికి నాలిక పిడచగట్టుకుపోతోంది. రొమ్ములు బరువెక్కి సలుపుతున్నాయి. ఒళ్ళో పిల్ల ఏడుపు సన్నబడుతోంది. ఎవర్ని నమ్మాలి తల్లీ అనుకుంది. అమ్మ ఉంటే అడిగేది, అమ్మేమో ఏటికి అవతల. తలకో మాట, మాటకో మందు. అలా ఒక్కొక్కళ్ళనీ తల్చుకుంటూ ఉంటే దానికొకటి తట్టింది. ఇంతమంది వచ్చారు, ఇన్ని చెప్పారు, పిల్ల నోరెలా ఉందో ఒక్కరైనా చూశారా? నేను పాలెలా ఇస్తున్నానో ఒక్కరైనా పక్కన కూచున్నారా?

ఓహో, అనుకుంది. చూడకుండా చెప్పేవాళ్ళెవరో, చూసి చెప్పేవాళ్ళెవరో తేలితే చాలు. లేచి వంటింట్లోకెళ్ళి, మూలనున్న గుమ్మడికాయ తీసుకుని, బొంతలో చుట్టి, వసారాలో ఉయ్యాల్లో పడుకోబెట్టింది. పైన గుడ్డ కప్పేసింది. ఏడ్చి ఏడ్చి కునుకుపట్టిన పిల్లని ఒళ్ళో పెట్టుకుని తడిక వెనకాల కూచుంది. నవ్వకండర్రా, నవ్వితే కథ పారిపోతుంది.

అచ్చియమ్మ వచ్చి ఉయ్యాల ఊపింది. గుడ్డ తియ్యొద్దన్నాడుగా వైద్యుడు, తియ్యలేదు. అయ్యో నా తల్లీ, ఏడుపు ఆపేసిందే అని మురిసిపోయి జోలపాట అందుకుంది. గుమ్మడికాయ బుద్ధిగా ఊగుతోంది.

కాసేపటికి మందులు చెప్పినవాళ్ళంతా చూసిపోదామని వచ్చారు. రాజవైద్యుడు గుడ్డ సందులోంచి పసరు రెండు చుక్కలు వేసి, ఆహా, ఎలా పీల్చుకుందో చూశారా అన్నాడు. భూతవైద్యుడు చెయ్యి లోపలికి పోనిచ్చి తాయెత్తు కట్టబోయాడు. మెడ ఎంతకీ దొరకలేదు. పిల్ల మహా బొద్దుగా ఉందండీ అని బొంతకే కట్టేశాడు. పుల్లమ్మ గోడ మీంచే, అచ్చం తండ్రి పోలికే అంది.

అక్కడ మొదలైంది పేచీ. ఏడుపు ఆగింది నా పసరుకని ఒకడు, నా తాయెత్తుకని ఒకడు, నీళ్ళు మాన్పించబట్టే అని ఆవిడ. జుట్టూ జుట్టూ పట్టుకోవడమే తరవాయి. తడిక వెనకాల పేరిందేవికి ఓ పక్క నవ్వు, ఓ పక్క ఏడుపు. వీళ్ళల్లో ఒక్కరూ పనికిరారు, మరి నా బిడ్డ గతేంటి అని.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం. అటక మీద ఆవకాయ జాడీలు గడగడలాడాయి. అటక మీంచి తెల్ల జుట్టు, దాని వెనకాల తెల్ల చీర, దాని వెనకాల ముసలమ్మ దిగింది. కాళ్ళు వెనక్కి తిరిగున్నాయి కానీ బుద్ధి మాత్రం తిన్నగానే ఉంది. భయపడకు జానూ, మంచి దయ్యంలే.

"ఒసే అచ్చియమ్మా, ఎనిమిదిమందికి పాలిచ్చి పెంచినదాన్ని, నా మునిమనవరాలి పాలకి నేనెందుకు అడ్డం పడతానే? ఎవడాడు నా పేరెత్తింది?" అందిట.

నిజం దయ్యం వచ్చేసరికి భూతవైద్యుడు గోడ దూకాడు. దూకింది పుల్లమ్మ మీద. వైద్యుడు పల్లకీలోకి తలకిందులుగా ఎక్కాడు, కాళ్ళు బయటే ఉండగా బోయీలు పరుగెత్తారు.

గవరమ్మ అవేమీ పట్టించుకోలేదు. ఏదీ, ముందు పిల్ల నోరు చూడనీ అని ఉయ్యాల దగ్గరికెళ్ళి గుడ్డ తీసింది. చూస్తే ఏముంది, గుమ్మడికాయ. పొట్ట పట్టుకుని నవ్విందిట, నవ్వితే వాసాల దుమ్మంతా రాలిందిట. 

పేరిందేవి తడిక తోసుకుని బయటికొచ్చింది. భయమెయ్యలేదా అంటే ఎందుకెయ్యదూ, వేసింది. కానీ దయ్యమా మనిషా అని చూడలేదు, గుడ్డ తీసిందా లేదా అని చూసింది. తిన్నగా వెళ్ళి బిడ్డని చూపించింది.

గవరమ్మ అప్పుడు కూడా మందు చెప్పలేదు. ముందు పేరిందేవికి చెంబుడు నీళ్ళివ్వమంది. తాగాక, ఏదీ ఇవ్వు పాలు, చూస్తాను అని పక్కన చతికిలబడింది. కాసేపు చూసి నవ్వింది. పిల్ల రొమ్ము కొసే చప్పరిస్తోందే, అందుకే పాలు రావట్లేదు, నీకు నొప్పీ తగ్గట్లేదు అంది. గోడకి చేరబడమంది. పిల్ల పొట్ట తల్లి పొట్టకి ఆనించమంది. పిచుకపిల్లలా నోరు బాగా తెరిచేదాకా ఆగు, తెరవగానే పిల్లని దగ్గరికి తీసుకో, నువ్వు వంగకు, గడ్డం రొమ్ముకి ఆనాలి అంది.

మొదటిసారి కుదరలేదు. రెండోసారీ కుదరలేదు, పిల్ల విసుక్కుంది. పరవాలేదు, దానికీ కొత్తే నీకూ కొత్తే అంది గవరమ్మ. ఆ తరవాత పిల్ల ఇంత నోరు తెరిచింది, పట్టింది. గుటుక్. ఆగింది. గుటుక్, గుటుక్. ఇల్లంతా ఆ చప్పుడొక్కటే.

అచ్చియమ్మ బెదురుతూ బెదురుతూ, అత్తా, ఆ పచ్చపాలు విషం కాదా అని అడిగింది. "గేదె ఈనితే జున్నుపాలకి గిన్నె పట్టుకుని పరుగెత్తుకెళ్తావే, అవేంటనుకున్నావు? దూడకి బలమైనవి నీ మనవరాలికి విషమెలా అవుతాయే?" అంది గవరమ్మ. ఇంకోటి కూడా చెప్పింది. గుడ్డలు బాగా తడుపుతోందంటే కడుపు నిండుతోందని గుర్తు. తడపకపోయినా, లేపినా లేవకుండా సోలిపోయినా, దయ్యం చెప్పింది కదా అని కూచోకుండా, ఒళ్ళు పట్టి చూసే వైద్యుడి దగ్గరికి పరుగెత్తండి అంది. 

అచ్చియమ్మకి ఏడుపొచ్చేసింది. నా కొడుకు పుట్టేసరికే నువ్వు పోయావత్తా, నా పక్కనెవరూ ఇలా కూచోలేదు, అందరూ గుమ్మంలోంచే చెప్పారు అంది. పేరిందేవి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

ఊ కొడుతున్నారా? ఇంతలో వైద్యుడు రాజుగారికి ఫిర్యాదు చేశాడు, నన్ను గుమ్మడికాయతో అవమానించారని. రాజుగారొచ్చి గద్దించాడు. పేరిందేవి అంది: "గుడ్డ తియ్యొద్దని నేననలేదు మహారాజా." రాజుగారు ఎంత నవ్వాడంటే కిరీటం దొర్లి పెరట్లోకి పోయింది. ఈ ఊళ్ళో చూడకుండా మందు చెప్పిందెవరర్రా అని అడిగాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఊరంతా తలొంచుకుంది. అప్పుడు దండోరా వేయించాడు. బాలింతకి ఏదైనా చెప్పాలంటే ముందు మంచినీళ్ళివ్వాలి, పక్కన కూచోవాలి, చూడాలి, ఆ తరవాతే నోరు తెరవాలి. ఆ దెబ్బకి ఊళ్ళో మొదటిసారి కాకుల అరుపు వినపడిందిట.

ఏరు తగ్గింది. పేరిందేవి తల్లి అల్లుడితో పడవలో వస్తూ వస్తూ, ఇంకా ఒడ్డు తగలకుండానే, పిల్లకి వస అరగదీసి పెట్టారా, ఆముదం పట్టారా అని కేకలు మొదలెట్టింది. ఊరంతా ఒక్క గొంతుతో, ముందు చూడమ్మా అంది. ఆవిడ గబగబా ఇంట్లోకెళ్ళి కూతురి ఒళ్ళోకి వంగింది. పిల్ల నిండా తాగి నిద్రపోతోంది, పెదవి చివర పాలచుక్క. కూతుర్ని దగ్గరికి తీసుకుని కూచుండిపోయింది.

అంతే. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా, మీ పిన్ని సెల్లులో ఎంత తెల్లకోటు వాడు చెప్పినా, బిడ్డని చూడనివాడి మందు బిడ్డకి వెయ్యకూడదు. అదుగో, పక్కగదిలో మీ పిన్ని చంటిది లేచింది, ఇదీ రొమ్ము సరిగ్గా పట్టట్లేదు. ఏంటి పండూ, ఇంగువ రాస్తే ఊరుకుంటుందా? నువ్వు చూశావా దాన్ని? రేపు ఆసుపత్రిలో ఆ పాలు పట్టించడం నేర్పే నర్సమ్మ దగ్గరికెళ్దాం, ఆవిడ పక్కన కూచుని చూస్తుంది. ఇప్పటికి కథ కంచికెళ్ళిపోయింది, మీరు నిద్రలోకెళ్ళండి, నేను చెంబుడు నీళ్ళు పట్టుకుని మీ పిన్ని దగ్గరికెళ్తాను.