తిన్నదంతా ఎక్కడికి పోతోంది?

అనగనగా అంటే మరీ అంత వెనక కాదు, ఇంటింటికీ అటక ఉన్న రోజుల్లో, ఒక ఊళ్ళో పేరిందేవి అని ఒక అత్తగారు. గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాల్సినంత నిండు మనిషి. కోడలు సూరాలు చీపురుపుల్ల. నీళ్ళు తోడి, వడ్లు దంపి, చేటతో చెరిగి, పొద్దు వాలేదాకా తిరిగేది. తీరా విస్తరి ముందు కూర్చుంటే చాలు, అత్తగారు “తిన్నదంతా ఎక్కడికి పోతోందే నీకు?” అనేది. పాపం, సూరాలుకి ముద్ద దిగేది కాదు. ఆ ముద్దనే నములుతూ, నములుతూ, నములుతూ కూర్చునేది. ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఇంటి అటక మీద ఒక ఆకలి దయ్యం. భయపడకండర్రా, ఒట్టి పిరికిది. దానికి ఒళ్ళు లేదు కదా, తిన్నది తిన్నట్టే టపటపా కింద రాలిపోయేది. రోజూ అత్తగారి మాట విని విని, ఒకనాడు భోజనాల వేళ కిందికి దూకింది. నాకూ అదే తెలియాలి, మీరు తిన్నది ఎక్కడ దాస్తారో పొయ్యి ఆరేలోగా చెప్పండి, లేకపోతే ఈ పెద్దావిడని ఎత్తుకుపోతానంది.

“సూరాలూ, నా తల్లీ, చెప్పవే!” అని గోలపెట్టింది పేరిందేవి. చూశారా, ఇన్నాళ్ళకి తల్లి అయింది!

పోతే పోనీ అని సూరాలుకి ఒక్క చిటికెడు అనిపించింది. మీరు మాత్రం అలా అనుకోకూడదు. అంతలోనే జాలేసి, దయ్యాన్ని కూర్చోబెట్టింది.

ఒట్టి అన్నం నమిలీ నమిలీ చూశాను, చివరికి తియ్యగా అవుతుంది, అంది. ఒక చక్కెర చెయ్యి ఇంకో చక్కెర పట్టుకుని, దాని చెయ్యి మరో చక్కెర పట్టుకుని, బారులు బారులుగా నిలబడితే అదే అన్నంలోని పిండి. నోటి తడికి చేతులు వదిలితే మళ్ళీ చక్కెర. అందులో అప్పటికి అక్కర్లేనిది కార్జంలోనూ కండల్లోనూ మళ్ళీ చేతులు పట్టుకుని కూర్చుంటుంది. అది వంటింటి డబ్బా, పూటకో రెండు పూటలకో సరిపోతుంది. ఇంకా మిగిలితే కొవ్వు. అది గాదె, నెలల తరబడి వస్తుంది. “నా గాదెలో అడుగున రెండు గింజలు. మా అత్తయ్యది పొర్లిపోతున్న గాదె.”

దయ్యం బావురుమంది. నాకు డబ్బా లేదు, గాదె లేదు, అని. ఆ దుఃఖంలో పేరిందేవిని ఎత్తబోయింది. సత్తువ ఏదీ? చీర చెంగు కూడా కదల్లేదు.

అప్పుడు సూరాలు బుట్టలోంచి చిలగడదుంప తీసి, ఇది తీగ తన కోసం దాచుకున్న గాదె, ఇందులోకి దూరు, అంది. దూరింది. చుట్టూ పిండే! మొదటిసారి కడుపు నిండి గుర్రుపెట్టింది. సూరాలు ఆ దుంపని పెరట్లో పాతింది. దాచుకున్న పిండి తిని తీగ లేచింది, కొత్త దుంపలు ఊరాయి, దయ్యం కొత్తింట్లోకి మారింది. దుంప కాలుస్తుంటే సుయ్యిమంటుందే, అది దయ్యం పక్క దుంపలోకి పోతున్న చప్పుడు. లేదర్రా, మనం దాన్ని తినం!

ఆ రోజు నుంచీ పేరిందేవి “ఇంకో ముద్ద వెయ్యనా, తల్లీ?” అనడమే. తినేవాళ్ళని దెప్పకూడదు. మీరేమో మింగేయకుండా నమలాలి.

కథ కంచి బస్సెక్కింది, మీరు దుప్పట్లోకి ఎక్కండి.