మూడు రోజుల మేత

ఒకానొక రాజ్యం, పేరేమిటని అడక్కండి, ఏరు దాటితే పరాయి సీమ, అంతే రాజ్యం. దాన్నేలే విజయకేతు మహారాజుకి తన తెలివి మీద మహా నమ్మకం.

ఒకనాడు ఆయన ఆజ్ఞ వేశాడు: "ఏటి అవతలి నుంచి వచ్చే గొర్రెలకీ, మాంసానికీ నాలుగో వంతు సుంకం. మన గొల్లలు బాగుపడాలి." సభంతా భేష్ అంది. సభకేం, జీతాలు అందుకే కదా!

ఆ గొల్లల్లోనే ఒకడు బీరయ్య. ఇక్కడ గడ్డి ఎండగానే మందను ఏరు దాటించి, తొలకరికి తోలుకురావడం తాతలనాటి అలవాటు. ఈసారి సుంకరులు మందను రేవులోనే ఆపేసి, నలభై గొర్రెల్లో పది వదలమన్నారు.

బీరయ్య సభకొచ్చి మొరపెట్టుకున్నాడు. "ఈడ్నే పుట్టిన జీవాలు దొరా. పది పోతే నేనెట్ల బతకాలె?"

"పుట్టుకతో పనేమిటి? అక్కడ మేసి పెంచిన కండ అక్కడి సరుకే. ఎవరికీ మినహాయింపు లేదు," అన్నాడు రాజు.

ఆస్థానంలో తిప్పన్న అని ఒక చమత్కారి. "ఆ మాట రాయించి ముద్ర వేయండి ప్రభూ. రేవు కాపలా నాకివ్వండి," అన్నాడు. రాజు పొంగిపోయి సరేనన్నాడు. తిప్పన్న మందను మూడు రోజులు కదలనివ్వలేదు.

"వానకు గిట్టలు పుండ్లయితున్నయి. మా బతుకు నీకు ఆటయ్యిందా?" అని బీరయ్య మండిపడ్డాడు.

రాజు, బీరయ్య సభకొచ్చిన ముందురోజే పుట్టినరోజుకి బెల్లంతో తులాభారం తూగాడు, ఆజ్ఞకి ముద్ర వేసిన వెంటనే ఏటి అవతల అత్తవారింటికి వెళ్లాడు. మూడు రోజులు పూటకో పొట్టేలు. తిరిగొచ్చేసరికి రేవులో అదే తక్కెడ, అంతే బెల్లం.

"కూర్చోండి ప్రభూ," అన్నాడు తిప్పన్న. రాజు కూర్చోగానే తట్ట నేలకి ఆనింది.

"రెండు వీసెలు ఎక్కువ. అక్కడ మేసిన కండ. అర వీసె ఇక్కడ వదలాలి."

"నేను ఇక్కడ పుట్టినవాణ్ణిరా!"

"పుట్టుకతో పనేమిటని తమరే సెలవిచ్చారు."

బీరయ్యకి అప్పటికి సంగతి అర్థమైంది. ఉన్ని కత్తెర పట్టుకుని వినయంగా ముందుకొచ్చాడు. "ఏడికెల్లి తియ్యాలె దొరా?"

రాజు కత్తెర వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. మేతకు వెళ్లొచ్చే మందలకి సుంకం లేదని అక్కడికక్కడే ఆజ్ఞ మార్చాడు. తన చేతి కడియం తీసి తిప్పన్నకి తొడిగాడు, బెల్లమంతా బీరయ్యకి ఇచ్చాడు.

ముందు బీరయ్య మంద రేవు దాటింది. వెనకాల రాజుగారు దాటారు, సుంకం కట్టకుండానే.