ఎంటర్ నొక్కకముందు

ఆశ్రమంలో కంప్యూటర్ ముందు కూర్చుంటే కమలనాథ్‌కి ఛాతీ రెండంగుళాలు పొంగేది. మౌస్ ముట్టడు. నల్ల తెర మీద ఆదేశాలు టైపు చేసి అన్ని పనులూ చేసేస్తాడు.

అతని గురువు విరజా మాతాజీ. సన్యాసం తీసుకోకముందు పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పారు. ఆశ్రమంలోని తాళపత్రాలకు ఫొటోలు తీసే పని ఆవిడే అతనికి అప్పగించారు. ఏడు నెలలు పట్టింది. వాటిని ఇంకో డిస్కులోకి ఎక్కించడమే మిగిలింది. అంతకుముందు, పొరపాటున పడిన నకళ్ళు తీసేయాలి. వాటి పేర్లన్నీ ‘నకలు’ అనే మొదలవుతాయి.

“ఒక్క వరసతో అన్నీ పోతాయి, చూస్తారా మాతాజీ?”

“పోయినవి మళ్ళీ వస్తాయా?”

“రావు. ఈ ఆదేశానికి చెత్తబుట్ట ఉండదు. అయినా నా వేలు తప్పదు.”

చకచకా టైపు చేశాడు. ముందు చెరిపేసే ఆదేశం ఆర్ఎం, తర్వాత నకలు, చివర ‘ఆ తర్వాత ఏమున్నా సరే’ అని చెప్పే నక్షత్రం గుర్తు. వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది.

మాతాజీ ఆ వేలిని మెల్లగా పక్కకు జరిపారు. ఆర్ఎం తీసేసి, పేర్లు మాత్రం చూపించే ఎల్ఎస్ పెట్టారు. మిగతా వరస ముట్టుకోలేదు.

“ఇప్పుడు నొక్కు. వచ్చిన పేర్లు పైకి చదువు.”

అతను నవ్వుతూ మొదలుపెట్టాడు. “అశ్వవైద్యం, ఒకటో ఆకు. అశ్వవైద్యం, రెండో ఆకు...”

నవ్వు ఆగింది. అవి నకళ్ళు కావు, అసలు ఫొటోలు. నకలుకీ నక్షత్రానికీ మధ్య ఒక ఖాళీ పడింది. ఆ ఖాళీతో నక్షత్రం విడిపడి, ఆదేశం ‘ఇక్కడున్నవన్నీ’ అని మారిపోయింది.

“ఆగకు నాయనా, చదువు.”

“అశ్వవైద్యం, పదకొండో ఆకు.” ఫొటో తీసిన రోజే ఆ ఆకు అతని చేతుల్లో పొడిపొడిగా రాలిపోయింది. ఇప్పుడది ఆ ఫొటోలో తప్ప ఎక్కడా లేదు.

కమలనాథ్ ఖాళీ తీసేశాడు. మళ్ళీ ఎల్ఎస్‌తోనే నొక్కాడు. నూట ముప్పై పేర్లు. అన్నీ నకళ్ళే. ఒక్కటీ వదలకుండా చివరిదాకా చదివాడు. అప్పుడు ఆర్ఎం పెట్టి, అనుమతి కోసం తలెత్తాడు.

ఈ ఏడు నెలల్లో మొదటిసారి మాతాజీ ముఖంలో గర్వం కనిపించింది.

“నన్నెందుకు చూస్తావు? చూడాల్సింది చూశావుగా.”