ఎర్రచీమ వేషం

పైడిదాసు గారి హరికథలో దగ్గు కూడా ఒక ఘట్టమే. సీతమ్మ అశోకవనంలో కూర్చుందనగానే ఆయనకు గొంతు పట్టేసేది. గట్టిగా దగ్గి, చిడతలు మోగించి, మళ్లీ పద్యం ఎత్తుకునేవారు. పక్కన హార్మోనియం వాయించే నాకు ఆ దగ్గు శ్రుతిలోనే వినపడేది. అబ్బ, ఏం రోజులవి! ఇప్పటికీ ఎవరి కథ విన్నా అక్కడికొచ్చేసరికి నా చెవి ఆ దగ్గు కోసం వెతుక్కుంటుంది.

ఆయన శిష్యుడు సన్యాసిరావు ఏకసంథాగ్రాహి. నడక, చూపు, ఉత్తరీయం విసురు, అన్నీ గురువుగారివే. ఆఖరికి అశోకవనం దగ్గర దగ్గు కూడా పట్టేశాడు! జనం "అచ్చం దాసుగారే" అని మురిసిపోయేవారు. అయితే మా సంప్రదాయంలో గురువు తన చేత్తో గజ్జె కట్టందే శిష్యుడు ఒంటరిగా కథ చెప్పకూడదు. ఆ ఏడు శ్రీరామనవమికి చీపురుపల్లి పందిరివాళ్లు సన్యాసిరావునే రమ్మన్నారు. వాడు ఆశ పట్టలేక, మామిడితోటలో నా ముందే గురువుగారిని అడిగేశాడు.

"గురువుగారూ, మీకూ నాకూ తేడా లేదని ఊరంతా అంటోంది. మరి నాకు గజ్జె ఎందుకు కట్టరు?"

దాసుగారు పక్కనున్న మామిడిచెట్టు దగ్గరికి నడిచారు. ఎర్రచీమలు ఆకులు కలిపి గూడు కట్టుకున్న కొమ్మ ఒకటి వంచి, "చూడండి" అన్నారు. చూశాం. చీమలే. గడ్డిపరకతో ఒకదాన్ని కదిపితే పరకను కరిచి పట్టుకుంది. వాటికి కాస్త ఎడంగా తిరుగుతున్న ఇంకొకదాన్ని కదిపారు. అదే రంగు, అదే సన్నని నడుము, మీసాలు ఆడిస్తూ అదే తత్తరపాటు నడక. కానీ అది కరవలేదు. చెంగున దూకి, సన్నని దారం పట్టుకుని గాలిలో వేలాడింది.

"ఓరి దీని వేషం! ఇది సాలీడు కదండీ!" అన్నాను. మీసాలనుకున్నవి పైకెత్తి పట్టిన ముందుకాళ్లు. ముఖం నిండా పెద్ద పెద్ద కళ్లు. మావైపు ఓసారి చూసి, దారం వెంట పైకి పాకి, మళ్లీ కాళ్లెత్తి చీమైపోయింది.

"జన్మంతా చీమలాగే నడుస్తుంది. దూకాల్సి వచ్చినప్పుడు మాత్రం దాని దారం దానిదే" అన్నారు దాసుగారు.

సన్యాసిరావు ముఖం వాడిపోయింది. "అయితే నాకిక గజ్జె లేనట్టేనా?" అన్నాడు ఏడుపు గొంతుతో. నాకు జాలేసింది. గురువుగారు వాడి భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పబోయారు. అంతలో ఆయనకు నిజంగానే దగ్గు తెర వచ్చింది. ఆయాసం తీరేదాకా వాడి భుజం వదల్లేదు.

"గజ్జెలు తెస్తాను, పద. ముందు నా దగ్గు నాకిచ్చెయ్యి, నాయనా."