మహారాజుగారి చేప

జమీందారు తన చేపల తొట్టి చూసుకునే నూకాలుతో నవ్వుతూ మాట్లాడినప్పుడల్లా దివాను పేర్రాజుకి కడుపు మండిపోయేది. తనను సాక్షాత్తూ మహారాజే ఈ కొలువుకి పంపాడు. అయినా దొర తనతో ఒక్కనాడూ అలా నవ్వలేదు. దొరకు దగ్గరైన వాళ్లందర్నీ పేర్రాజు ఏదో ఒక వంకతో తరిమేశాడు. మిగిలింది ఇదొక్కతే.

ఆ తొట్టిలో మహారాజు కానుకగా పంపిన కొర్రమీను మూరెడు పెరిగి, చిన్న చేపల తోకలు కొరికేస్తోంది. రాజు పంపినదాన్ని ఉంచిన చోటు నుంచి కదపడం ఆ సీమలో నేరం.

"చిన్నవి చచ్చినా, పెద్దది కదిలినా నీ పని ఊడినట్టే," అన్నాడు పేర్రాజు తీయగా.

నూకాలు చిన్న చేపలన్నిటినీ బిందెలోకి తోడి, తోటలోని కొలనులో వదిలేసింది. "పెద్దదాన్ని నేను ముట్టుకోలేదు దొరా. ఎక్కడున్నది అక్కడే ఉంది," అంది.

తొట్టిలో ఒంటరిగా తిరుగుతున్న కొర్రమీనును దొర చూశాడు. తర్వాత పేర్రాజు వైపు చాలాసేపు చూశాడు.

మర్నాడు పేర్రాజు వచ్చేసరికి కచేరీలో అతని కుర్చీ తప్ప ఇంకేమీ లేదు.

"కొలువు తోటలోకి మారింది బాబూ," అన్నాడు కాపలావాడు. "తమరిని మాత్రం కదపొద్దన్నారు. మహారాజు పంపినవారు కదా."

తోటలోంచి దొర నవ్వు వినిపించింది. దాని వెనకే నూకాలు నవ్వు.